ఒకే ఊరు, ఒకే జట్టు: కోచ్ ఎడ్డీ రాబిన్సన్

(డాలస్ ప్రాంతంలో తెలుగువారి ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళకు మరీ థాంక్స్. కాసేపు కదలకుండా కూర్చోబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు.

డాలస్‌లో జరిగే స్టేట్ ఫెయిర్‌కు వెళ్ళినవాళ్ళంతా కాటన్ బౌల్ స్టేడియాన్ని చూసే ఉంటారు. 1985 అక్టోబర్ 5న అక్కడ ఒక కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ బంతిని చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. లూసియానా నుంచి వచ్చిన గ్రాంబ్లింగ్ స్టేట్ ఒక పక్క, మన టెక్సాస్ జట్టు ప్రెయిరీ వ్యూ ఎ అండ్ ఎం ఇంకో పక్క. గ్రాంబ్లింగ్ 27-7తో గెలిచింది. స్కోరు చూస్తే మామూలు మ్యాచే. కానీ ఆ రోజుతో గ్రాంబ్లింగ్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ ఖాతాలో 324 గెలుపులు చేరాయి. అప్పటిదాకా 323తో అందరికన్నా పైన ఉన్నది అలబామా కోచ్ బేర్ బ్రయంట్. అలబామాలో బ్రయంట్ పేరు చెబితే ఇప్పటికీ దేవుడి పేరు చెప్పినట్టే వింటారు. ఆయన రికార్డును దాటిన మనిషి ఎవరో అమెరికాలో చాలామందికి ఆ రోజే తెలిసింది. అప్పటికి రాబిన్సన్ ఆ ఉద్యోగంలో చేరి నలభై నాలుగేళ్ళు.

నలభై నాలుగేళ్ళుగా గెలుస్తున్న మనిషి దేశానికి తెలియకపోవడం ఎలా సాధ్యమైంది? ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఆయన 1919లో లూసియానాలోని జాక్సన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వేరేవాళ్ళ పొలంలో పంటలో వాటాకు సాగు చేసేవాడు. తల్లి ఇళ్ళల్లో పని చేసేది. తర్వాత కుటుంబం బాటన్ రూజ్ చేరింది. చిన్న క్లాసుల్లో ఉండగా, ఆ ఊరి నల్లజాతి హైస్కూల్ కోచ్ తన ఆటగాళ్ళను వెంటబెట్టుకుని వీళ్ళ బడికి వచ్చాడట. ఆటగాళ్ళు ఆ కోచ్ మాటను ఎంత గౌరవంగా వింటున్నారో చూసి, తానూ కోచ్ కావాలని ఆ పిల్లవాడు అప్పుడే అనుకున్నాడు. అందరు పిల్లలూ ఆటగాడు కావాలనుకుంటే ఇతను ఆటగాళ్ళకు చెప్పేవాడు కావాలనుకున్నాడు. లేలాండ్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు, అదేమిటో తర్వాత చెబుతాను. డిగ్రీ చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. బాటన్ రూజ్‌లో పశువుల దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలికి చేరాడు. అప్పటికే డోరిస్‌తో పెళ్ళయింది.

1941లో ఆమె బంధువుల ద్వారా ఒక కబురు తెలిసింది. ఉత్తర లూసియానాలో, పైన్ చెట్ల మధ్య ఉన్న ఒక నల్లజాతి కళాశాలకు కోచ్ కావాలని. ఆ కళాశాల పేరు అప్పట్లో లూసియానా నీగ్రో నార్మల్ అండ్ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్. గ్రాంబ్లింగ్ అనే పేరు 1946లో వచ్చింది. పేరు ఎందుకు మార్చారంటే, మన చీర్‌లీడర్లు ఆ పాత పేరు మొత్తం అరిచి పూర్తి చేసేలోపు అవతలి జట్టు టచ్‌డౌన్, అంటే మన గోల్ లాంటిది, కొట్టేస్తోందని అక్కడివాళ్ళు ఇప్పటికీ జోక్ వేసుకుంటారు. జీతం నెలకు 63 డాలర్ల 96 సెంట్లు. రాబిన్సన్ వయసు 22. ఆయన జట్టులో కొందరు దాదాపు ఆయన ఈడువాళ్ళే.

కోచ్ అనగానే ఈ రోజు మనకు టీవీలో కనిపించే మనిషి గుర్తొస్తాడు. చెవికి హెడ్‌సెట్, చుట్టూ ఇరవై మంది అసిస్టెంట్లు, ఏడాదికి కోట్ల జీతం. అది మర్చిపోండి. మన హైస్కూల్ డ్రిల్లు మాస్టారిని గుర్తు తెచ్చుకోండి. క్లాసు పాఠం, ఆటల పీరియడు, ఆగస్టు 15న పరేడ్, అన్నీ ఆయన నెత్తినే ఉండేవి. రాబిన్సన్ పరిస్థితి అదే. ఫుట్‌బాల్‌తో పాటు బాస్కెట్‌బాల్‌కూ ఆయనే కోచ్. మ్యాచ్ ముందు మైదానంలో సున్నం గీతలు గీసింది ఆయనే, ఆటగాళ్ళ చీలమండలకు పట్టీలు కట్టింది ఆయనే. మ్యాచ్ అయ్యాక దాని వార్త రాసి పత్రికలకు పంపింది కూడా ఆయనే. బయటి ఊళ్ళకు ఆడటానికి వెళ్ళేటప్పుడు సాండ్‌విచ్‌లు చేయించి మూటగట్టి తీసుకెళ్ళేవాడు. డబ్బు మిగులుతుందని కాదు. దారిలో ఉన్న హోటళ్ళలో నల్లవాళ్ళను కూర్చోబెట్టి తిండి పెట్టరు కాబట్టి.

మొదటి సీజన్‌లో మూడు గెలిచి ఐదు ఓడిపోయాడు. రెండో సీజన్, 1942లో, ఆడిన తొమ్మిదీ గెలిచాడు. అంతే కాదు, ఆ తొమ్మిది మ్యాచ్‌లలో అవతలివాళ్ళకు ఒక్క పాయింటు కూడా రాలేదు. ఈ ఆట చూసేవాళ్ళకు అదెంత అరుదో చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళు నా మాట నమ్మండి. 23 ఏళ్ళ కుర్రాడు, దాణా మిల్లు వదిలి ఏడాదైంది. తర్వాత యుద్ధం వల్ల రెండేళ్ళు జట్టే లేదు.

ఆ తొలి ఏళ్ళ గురించి ఒక సంగతి చెప్పుకుంటారు. ముఖ్యమైన మ్యాచ్ ముందర ఇద్దరు మంచి ఆటగాళ్ళను వాళ్ళ నాన్న ఇంటికి రమ్మన్నాడు. చేలో పత్తి తీయాలి, ఆట తర్వాత చూసుకోవచ్చన్నాడు. రాబిన్సన్ ఆయనతో వాదన పెట్టుకోలేదు. జట్టు మొత్తాన్నీ చేలోకి దింపి పత్తి తీయించాడు. పని అయిపోయింది, అన్నదమ్ములిద్దరూ ఆడారు. గుంటూరు, ఆదిలాబాద్, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. పత్తి తీతలప్పుడు క్లాసులో ఎన్ని బెంచీలు ఖాళీ అయ్యేవో మీకు తెలుసు. ఇంకా చదివించండి అని ఆ తండ్రికి ఉపన్యాసం ఇవ్వకుండా పత్తి తీసి చూపించడమే రాబిన్సన్ పద్ధతి అని నాకనిపిస్తుంది.

ఇక హాస్టల్ సంగతి. పొద్దున్నే ఆరున్నర ప్రాంతంలో, ఆవు మెడలో కట్టే గంట ఒకటి పట్టుకుని గదుల ముందు మోగించుకుంటూ తిరిగేవాడు. లేచి క్లాసుకు వెళ్ళాలి. ప్రయాణాలకు కోటు, టై. ప్రాక్టీస్‌లో ఒక ఎత్తుగడ సరిగ్గా కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేయించేవాడు. ఇదంతా విని మరీ మంచి బాలుడి కథలా ఉందనుకుంటున్నారేమో. ఆయన దగ్గర ఆడినవాళ్ళు కూడా ఆ వయసులో విసుక్కునే ఉంటారు, ఆరున్నరకు గంట మోగితే ఎవరికి ఇష్టం? కానీ ఆ పట్టుదల వెనక ఒక లెక్క ఉంది. ఈ కుర్రాళ్ళు బయటి ప్రపంచంలో అడుగుపెట్టిన రోజు ఒక్క తప్పు చేసినా అది వాళ్ళొక్కరి తప్పుగా మిగలదని ఆయనకు తెలుసు.

1949లో ఆ మాట ఒకరితో నేరుగా చెప్పాల్సి వచ్చింది. పాల్ యంగర్ అనే భారీ ఆటగాడు ఉండేవాడు, ట్యాంక్ అని పిలిచేవాళ్ళు. లాస్ ఏంజెలిస్ రామ్స్ అనే ప్రొఫెషనల్ జట్టు అతన్ని తీసుకుంది. నల్లజాతి కళాశాల నుంచి ఎన్ఎఫ్ఎల్‌కు, అంటే అమెరికాలో ప్రధాన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగుకు, వెళ్ళిన మొదటి మనిషి అతనే. వెళ్ళే ముందు రాబిన్సన్ అతనికి చెప్పింది ఏమిటంటే, నువ్వు గనక అక్కడ నిలబడలేకపోతే మనవాళ్ళలో ఇంకొకరికి మళ్ళీ ఎప్పుడు అవకాశం వస్తుందో తెలీదు, మీలో అందరికన్నా మంచివాణ్ణే తీసుకున్నాం, అతనికే చేతకాలేదు అంటారు అని. ఇరవై ఏళ్ళ కుర్రాడి మీద ఎంత బరువో చూడండి. యంగర్ నిలబడ్డాడు. 1951లో రామ్స్ ఛాంపియన్లయినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు.

ఆ తర్వాత తలుపు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. విల్లీ డేవిస్, విల్లీ బ్రౌన్, బక్ బుకానన్, చార్లీ జాయినర్. ఈ నలుగురూ రాబిన్సన్ దగ్గర ఆడి, మేటివాళ్ళకే చోటిచ్చే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్ళినవాళ్ళు. అప్పట్లో ఎన్ఎఫ్ఎల్‌కు పోటీగా ఏఎఫ్ఎల్ అనే లీగు ఉండేది. కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1963లో ఏఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు బుకానన్‌ది. మొత్తం మీద ఆయన చేతి కింద నుంచి 200 మందికి పైగా ప్రొఫెషనల్ లీగుల్లోకి వెళ్ళారు. నాకు బాగా ఇష్టమైన వివరం ఒకటుంది. 1967 జనవరిలో మొదటి సూపర్ బౌల్, అంటే ఆ రెండు లీగుల ఛాంపియన్ల మధ్య ఆఖరి పోరు, జరిగింది. గ్రీన్ బే తరఫున విల్లీ డేవిస్, కాన్సస్ సిటీ తరఫున బక్ బుకానన్ ఆడారు. హాఫ్‌టైమ్‌లో మైదానంలోకి వచ్చి వాయించిన బ్యాండ్లలో ఒకటి గ్రాంబ్లింగ్‌ది! అటూ ఇటూ మధ్యలోనూ ఆ చిన్న ఊరివాళ్ళే.

ఆ రోజుల్లో గ్రాంబ్లింగ్ పేరు బయటికి రావడానికి ఇంకో మనిషి కారణం, కోలీ నికల్సన్. రెండో ప్రపంచయుద్ధంలో మెరైన్ దళంలో యుద్ధ విలేఖరిగా పనిచేసి వచ్చినవాడు. కళాశాల క్రీడల ప్రచారం ఆయన చూసుకున్నాడు. దేశంలోని నల్లజాతి పత్రికలన్నిటికీ గ్రాంబ్లింగ్ వార్తలు పంపేవాడు. 1968లో జట్టు న్యూయార్క్ వెళ్ళి యాంకీ స్టేడియంలో మోర్గన్ స్టేట్‌తో ఆడింది. అరవై వేలమందికి పైగా వచ్చారు. గ్రాంబ్లింగ్ ఓడిపోయింది, అది వేరే విషయం. 1976లో టోక్యో వెళ్ళి ఆడొచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళలో భోజనం పెట్టని జట్టుకు టోక్యోలో స్టేడియం ఇచ్చారు.

ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ గురించి చెప్పాలి. పెద్దవాళ్ళకు చిన్న వివరణ. ఈ ఆటలో బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. ఎవరికి ఇవ్వాలి, ఎక్కడికి విసరాలి, అవతలివాళ్ళు ఏం పన్నాగం పన్నారు అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. జట్టుకు మైదానంలో నాయకుడు అతనే. అందుకే ఎన్ఎఫ్ఎల్‌లో చాలా కాలం ఆ స్థానం నల్లవాళ్ళకు ఇవ్వలేదు. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి వచ్చిన నల్ల కుర్రాణ్ణి, నువ్వు వేగంగా పరుగెత్తుతావు కాబట్టి బంతి పట్టుకునే పని చెయ్ అని పక్కకు మార్చేసేవాళ్ళు. ఆలోచించే పని కొందరిది, ఒళ్ళు వంచే పని కొందరిది అనే పంపకం ఎలా పుడుతుందో, ఎంత మామూలు విషయంగా చలామణీ అవుతుందో మనవాళ్ళకు వేరే దేశం చరిత్ర చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. మన ఊళ్ళు చాలు.

రాబిన్సన్ దీన్ని ఉపన్యాసాలతో ఎదుర్కోలేదు. పక్క ఊరు మన్రో నుంచి వచ్చిన జేమ్స్ హారిస్ అనే పొడుగాటి కుర్రాణ్ణి తీసుకుని, నిన్ను ఎన్ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాక్‌గానే తయారు చేస్తాను, ఎవరు చెప్పినా స్థానం మార్చుకోవద్దు అన్నాడు. అంతవరకూ పరుగు మీద ఆధారపడ్డ తన ఆటను అతని కోసం బంతి విసిరే ఆటగా మలిచాడు. 1969 డ్రాఫ్ట్‌లో హారిస్ ఎనిమిదో రౌండు దాకా ఆగాల్సి వచ్చింది. బఫలో నగరం జట్టు తీసుకుంది. ఆ ఏడాదే సీజన్ మొదటి మ్యాచ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో సీజన్‌ను అలా మొదలుపెట్టిన తొలి నల్లజాతి ఆటగాడిగా అతన్ని చెబుతారు. తర్వాత రామ్స్‌కు వెళ్ళి 1974 సీజన్‌లో, లీగులోని మేటి ఆటగాళ్ళు ఆడే ప్రో బౌల్ మ్యాచ్‌కు ఎంపికై, అందులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

హారిస్ వెనకాల డగ్ విలియమ్స్ వచ్చాడు. 1978లో టాంపా బే జట్టు డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే తీసుకుంది. అక్కడ అతనికిచ్చిన జీతం లీగులో కొందరు రిజర్వ్ క్వార్టర్‌బ్యాక్‌ల జీతం కన్నా తక్కువ. కొన్నాళ్ళకు వదిలేసి ఇంకో లీగుకు పోయాడు. తిరిగొచ్చి వాషింగ్టన్‌లో రిజర్వ్ ఆటగాడిగా చేరాడు. 1988 జనవరి 31న శాన్ డియెగోలో సూపర్ బౌల్. మొదటి పావు భాగంలో డెన్వర్ పది పాయింట్లు కొట్టింది, విలియమ్స్ మోకాలు బెణికింది. రెండో పావు భాగంలో అతను నాలుగు టచ్‌డౌన్ పాసులు విసిరాడు. ఒక్క పావు భాగంలోనే! వాషింగ్టన్ 42-10తో గెలిచింది. మ్యాచ్‌లో విలియమ్స్ పాసులతో 340 గజాలు, అత్యుత్తమ ఆటగాడి బహుమతి. సూపర్ బౌల్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన మొదటి నల్లజాతి మనిషి అతను. పిల్లలూ, ఇంటికెళ్ళి ఆ రెండో క్వార్టర్ వీడియో వెతికి చూడండి. ఈ రోజు మీకు ఇచ్చే హోంవర్క్ అదొక్కటే.

సరే. ఇన్ని గెలిచిన కోచ్‌ను ఎన్ఎఫ్ఎల్ ఎందుకు పిలవలేదు? లూసియానా స్టేట్ లాంటి పెద్ద యూనివర్సిటీ ఎందుకు పిలవలేదు? ఆయన గురించి రాసినప్పుడల్లా ఒక మాట గొప్పగా రాస్తారు: ఒకే భార్య, ఒకే ఉద్యోగం. విశ్వాసానికి మారుపేరు అంటారు. నాకు ఆ పొగడ్త మీద కొంచెం అనుమానం ఉంది. ఉండిపోవడం గొప్పతనం కావాలంటే, వెళ్ళడానికి దారి ఉండాలి కదా. ఆధునిక ఎన్ఎఫ్ఎల్‌లో నల్లజాతి హెడ్ కోచ్‌ను మొదటిసారి పెట్టుకున్నది 1989లో, ఆర్ట్ షెల్‌ని. అప్పటికి రాబిన్సన్‌కు డెబ్భై ఏళ్ళు. పై చదువు చదవాలనుకున్నప్పుడు దక్షిణాదిలో సీటిచ్చేవాళ్ళు లేక, ఉత్తరాన అయోవా దాకా వెళ్ళి 1954లో మాస్టర్స్ పూర్తి చేశాడు. ఆయన ప్రేమ నిజమే, గ్రాంబ్లింగ్‌ను వదలాలని ఆయనకు లేకపోవచ్చు. కానీ ఆ ప్రేమను మెచ్చుకుంటూ, మూసిన తలుపుల సంగతి దాటవేయడం చాలా సులువు. పొగిడేవాళ్ళలో ఆ తలుపులు మూసినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆయన్ని తప్పుబట్టినవాళ్ళూ ఉన్నారు, అదీ చెప్పాలి. అరవైల్లో పౌరహక్కుల ఉద్యమం రగులుతున్నప్పుడు రాబిన్సన్ అమెరికాను మెచ్చుకుంటూ మాట్లాడేవాడు. అది చాలామంది యువకులకు నచ్చలేదు. 1967లో గ్రాంబ్లింగ్ విద్యార్థులే సమ్మె చేశారు. ఈ కాలేజీలో ఫుట్‌బాల్‌కు ఇచ్చే విలువ చదువుకు ఇవ్వడం లేదు అన్నది వాళ్ళ ఫిర్యాదు. నన్నడిగితే ఆ పిల్లల ఫిర్యాదులో న్యాయం ఉంది. ఒక సంస్థకు ఒక ఆటే ముఖమైపోతే గ్రంథాలయం వెనకబడుతుంది. అదే సమయంలో ఆ ఆట లేకపోతే గ్రాంబ్లింగ్ పేరు లూసియానా దాటి వినపడేది కాదు. రెండూ నిజాలే, ఒకదానితో ఒకటి కొట్టేయడం కుదరదు.

ఇంకో మెలిక ఉంది. డెబ్భైల్లో అలబామా, లూసియానా స్టేట్ లాంటి తెల్లవాళ్ళ యూనివర్సిటీలు నల్ల ఆటగాళ్ళను తీసుకోవడం మొదలుపెట్టాయి. మంచిదే, జరగాల్సిందే. కానీ అంతకుముందు దక్షిణాదిలో మంచి నల్ల ఆటగాడు అంటే గ్రాంబ్లింగ్, సదరన్, జాక్సన్ స్టేట్ లాంటి నల్లజాతి కళాశాలకే వెళ్ళేవాడు. ఇప్పుడు అతనికి పెద్ద స్టేడియం, టీవీ, మంచి హాస్టల్ ఎదురుచూస్తున్నాయి. రాబిన్సన్ తన ఆటగాళ్ళ ద్వారా రుజువు చేసిన విషయమే ఆయన జట్టును ఖాళీ చేసింది. ఆయన దీనికి ఏడుస్తూ కూర్చోలేదు. మిగిలినవాళ్ళతోనే గెలుస్తూ పోయాడు. 1995లో 400వ గెలుపు వచ్చింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ అంకెను అంతకుముందు ఎవరూ చూడలేదు.

చివరి మూడేళ్ళు బాగా సాగలేదు. 1995లో గెలిచినవాటి కన్నా ఓడినవి ఎక్కువ. 1996, 1997లలో మూడేసి మ్యాచ్‌లే గెలిచారు. నియమాల ఉల్లంఘన మీద విచారణ కూడా వచ్చింది. 1996 ఆఖర్లో ఆయన్ను దిగిపొమ్మని ఒత్తిడి పెట్టారు. పూర్వ విద్యార్థులు గొడవ చేసి, గవర్నర్ కల్పించుకుంటే గానీ ఇంకో ఏడాది దొరకలేదు. ఇలాంటి చోట అభిమానంతో కళ్ళు మూసుకోకూడదు. 78 ఏళ్ళకు చేతి కింద జట్టు జారిపోతోందని ఆయనకు కనిపించలేదంటే నేను నమ్మను. దిగిపోవడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంతే. చివరి లెక్క 408 గెలుపులు, 165 ఓటములు, 15 సమానాలు. అల్జీమర్స్‌తో బాధపడి 2007 ఏప్రిల్ 3న పోయాడు. లూసియానా రాష్ట్ర శాసనభవనంలో ప్రజల సందర్శన కోసం ఆయన పార్థివదేహాన్ని ఉంచారు.

రికార్డు గురించి ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. 2003లో మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ కోచ్ జాన్ గగ్లియార్డీ ఆ 408ని దాటాడు. కాలేజీ జట్లలో పై అంచె అయిన పెద్ద డివిజన్‌లో పెన్ స్టేట్ కోచ్ జో పటెర్నో 2011లో దాటాడు. తర్వాత పెన్ స్టేట్ కుంభకోణంలో ఆయన గెలుపులు కొన్ని కొట్టేశారు, 2015లో మళ్ళీ తిరిగిచ్చారు. చిన్న జట్లతో ఆడి గెలిచాడు కదా అని రాబిన్సన్‌ను తక్కువ చేసేవాళ్ళు ఇప్పటికీ దొరుకుతారు. పెద్ద జట్లు ఆయనతో ఆడటానికి ఎన్ని దశాబ్దాలు ఒప్పుకోలేదో ముందు లెక్కేసి, తర్వాత ఆ మాట అనమనండి.

గ్రాంబ్లింగ్‌లో ఆయన కుర్చీలో 1998లో కూర్చున్నది ఎవరో తెలుసా? డగ్ విలియమ్స్. మొదట్లో కష్టపడ్డాడు. 2000, 2001, 2002లలో వరుసగా మూడుసార్లు వాళ్ళ కాన్ఫరెన్స్ (కలిసి పోటీపడే కాలేజీ జట్ల బృందం) ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో చెయ్యెత్తిన పెద్దాయనకు మైకు ముందుగా ఇవ్వండి.